లోపలి అంచు ఎందుకు ఆరలేదు: పడవ దీపం గాజు అతుకులో కాటయానిక్ యూవీ ఎపాక్సీ, ఒక కేస్ స్టడీ

విశాఖపట్నం ఆటోనగర్‌లో చేపల వేట పడవలకు ఎల్‌ఈడీ నావిగేషన్ దీపాలు తయారుచేసే ఒక చిన్న పరిశ్రమలో ఎదురైన సమస్య ఇది. పరిశ్రమల్లో జిగురుల వాడకం మీద సలహాలివ్వడం నా వృత్తి కనుక యజమాని నన్ను పిలిపించారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మరపడవలకు వేట నిషేధం ఉంటుంది. పడవలు ఒడ్డున ఉండే ఆ రెండు నెలల్లోనే మరమ్మతులు సాగుతాయి. దీపాల ఆర్డర్లు మాత్రం నిషేధం ముగిసే ముందు వారాల్లో ఒక్కపెట్టున వచ్చిపడతాయి. గాజు అతుకులో జిగురు ఆరకపోవడం బయటపడింది సరిగ్గా ఆ వారాల్లోనే. మిగతా ఏడాదంతా నిక్షేపంగా నిలిచిన అతుకు అప్పుడే ఎందుకు చెడుతోందన్నది వారి ప్రశ్న.

దీపం నిర్మాణం ముందుగా చెప్పాలి, ఎందుకంటే జవాబు అందులోనే ఉంది. అచ్చుపోసిన అల్యూమినియం డొల్ల అడుగున ఎల్‌ఈడీ డ్రైవర్, అంటే దీపానికి కరెంటు అందించే సర్క్యూట్, ఉంటుంది. దానికి తేమ తగలకుండా పైన రెండు భాగాల ఎపాక్సీ పోసి పూడ్చేస్తారు. ఆ పనిని అక్కడ పాటింగ్ అంటారు. డొల్ల మూతికి 4 మిల్లీమీటర్ల మందం, 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి టఫెన్డ్ గాజును అంటిస్తారు. గాజును పట్టి ఉంచేది 4 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు 0.15 మిల్లీమీటరు మందం ఉన్న జిగురు వలయం ఒక్కటే. స్క్రూలు లేవు, రబ్బరు వాషర్లు లేవు. ఆ జిగురు ఒకే సీసాలో వచ్చే కాటయానిక్ యూవీ ఎపాక్సీ, అంటే అతినీలలోహిత వెలుగు తగిలితే ధన అయాన్ల ద్వారా గట్టిపడే జిగురు. గాజు మీదుగా 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ ల్యాంపును ఒక నిమిషం వెలిగించి దాన్ని క్యూర్ చేస్తారు, అంటే గట్టిపరుస్తారు.

చెడిన దీపాలన్నిటిలోనూ లక్షణం ఒక్కటే. వలయం వెలుపలి అంచు గోరు దిగనంత గట్టిగా ఉంది. లోపలి అంచున, అంటే డొల్ల లోపలి గాలిని తాకే వైపున, ఒక మిల్లీమీటరు మేర జిగురు మరునాటికి కూడా లేత పాకంలా సాగుతోంది. నీటి తొట్టిలో ముంచి లోపలికి కొద్దిగా గాలి ఒత్తిడి ఇస్తే వాటిలో కొన్ని బుడగలు వదిలాయి. సముద్రం మీద ఆ బుడగ దారినే ఉప్పునీరు లోపలికి వస్తుంది. దారిదీపం ఆరిన పడవ రాత్రివేళ ఓడల మార్గంలో ఉండడం ఎంత ప్రమాదమో ఈ ఊళ్లో ఎవరికీ వివరించనక్కర్లేదు.

జిగురు లోపల జరిగేది

మార్కెట్లో దొరికే యూవీ జిగురుల్లో ఎక్కువ భాగం అక్రిలేట్లు. వెలుగు పడగానే వాటిలో ఫ్రీ రాడికల్స్ అనే అతి చురుకైన అణు ముక్కలు పుట్టి క్షణాల్లో గొలుసులు అల్లుతాయి, కానీ గాలిలోని ఆక్సిజన్ ఆ రాడికల్స్‌ను పట్టేస్తుంది కనుక గాలి తగిలే పైపొర జిగటగా మిగిలిపోవచ్చు. దానికితోడు అక్రిలేట్లు గట్టిపడేటప్పుడు ఎక్కువగా కుంచించుకుపోతాయి. గాజు, అల్యూమినియం వంటి రెండు కఠినమైన వస్తువుల మధ్య ఆ కుదింపు అతుకును లోపలినుంచే లాగుతుంది. కాటయానిక్ ఎపాక్సీలో కుదింపు తక్కువ, ఆక్సిజన్ ఆటంకం లేదు. ఈ దీపానికి ఆ జిగురును ఎంచుకోవడం సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం, ఇన్ని దీపాలు చెడిన తర్వాత కూడా.

ఈ జిగురులో ప్రధాన పదార్థం సైక్లోఅలిఫాటిక్ ఎపాక్సీ. వేగం కోసం కొంత ఆక్సెటేన్, పెళుసుదనం తగ్గడానికి కొంత పాలియాల్ కలుపుతారు. సాధారణ ఎపాక్సీల్లో వాడే బిస్‌ఫినాల్ ఏ గ్లైసిడైల్ ఈథర్ కూడా ఈ పద్ధతిలో గట్టిపడుతుంది గానీ బాగా నెమ్మదిగా. వెలుగును గ్రహించి పని మొదలుపెట్టేది ట్రైఅరైల్ సల్ఫోనియం లవణం. ఈ తరహా ఓనియం లవణాలను 1970లలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో జేమ్స్ క్రివెల్లో బృందం అభివృద్ధి చేసింది. వెలుగు తగిలినప్పుడు లవణం విరిగి అతి బలమైన ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లంలోని ప్రోటాన్ ఎపాక్సీ అణువులోని చిన్న వలయంలో ఉన్న ఆక్సిజన్‌కు అతుక్కుంటుంది, ఆ వలయం విచ్చుకుంటుంది, విచ్చుకున్న కొనకు మరో ఎపాక్సీ అణువు వచ్చి చేరుతుంది, అలా గొలుసు పెరుగుతుంది. ప్రోటాన్‌తో జంటగా ఉండే రుణ అయాన్ పెరుగుతున్న కొనను పట్టేయని స్వభావం కలదై ఉండాలి. అందుకే హెక్సాఫ్లోరోయాంటిమొనేట్ ఉన్న లవణం వేగంగా పనిచేస్తుంది, హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ దాని తర్వాత, టెట్రాఫ్లోరోబోరేట్ ఇంకా వెనక.

రెండు రాడికల్స్ ఎదురుపడితే ఒకదాన్నొకటి అంతం చేసుకుంటాయి. రెండు ధన అయాన్లు అలా చేసుకోలేవు. కనుక ల్యాంపు ఆర్పేసిన తర్వాత కూడా చీకట్లో గంటల తరబడి క్యూరింగ్ సాగుతూనే ఉంటుంది. ఈ గుణం పనివాళ్లకు ఎంతో మేలు చేస్తుంది, ఒక్కోసారి తికమక కూడా పెడుతుంది: ల్యాంపు కింద నుంచి తీసిన వెంటనే జిగటగా ఉన్న అతుకు సాయంత్రానికి గట్టిపడవచ్చు, కాబట్టి చెడిందో లేదో అప్పటికప్పుడు తేల్చలేము. ఇక్కడ మాత్రం మరునాటికి కూడా జిగట పోలేదు.

ముగ్గురు అనుమానితులు

యజమాని మొదట ల్యాంపును అనుమానించారు, తర్వాత జిగురు బ్యాచ్‌ను. వర్క్‌షాపులో పనిచేసేవాళ్లందరూ మాత్రం తేమ అనే అన్నారు. జూన్ మొదట్లో విశాఖ గాలి ఎలా ఉంటుందో తెలిసినవారు అలా అనుకోవడం సహజం. షెడ్డులోని తేమ మీటరు మధ్యాహ్నం 80 శాతం దాటి చూపిస్తోంది. కాటయానిక్ జిగురులకు తేమ పడదన్న సంగతి డేటాషీట్‌లోనూ రాసి ఉంది.

ల్యాంపు సంగతి వెలుగు తీవ్రతను కొలిచే రేడియోమీటరుతో తేలిపోయింది. గాజు కింద కొలిస్తే చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్లు వస్తున్నాయి. నిమిషానికి 6 జౌళ్లు, జిగురు అడిగినదానికంటే ఎక్కువే. అయినా అంచు దగ్గర వెలుగు తగ్గుతుందేమోనన్న సందేహం ఉండనే ఉంటుంది. దానికి జిగురే జవాబిచ్చింది. టఫెన్డ్ గాజు 300 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలను దాదాపుగా దాటనివ్వదు, సల్ఫోనియం లవణాలేమో ముఖ్యంగా ఆ ప్రాంతంలోనే వెలుగును గ్రహిస్తాయి. కాబట్టి 365 దగ్గర పనిచేయడానికి ఈ జిగురులో ఆంత్రసీన్ జాతి సెన్సిటైజర్, అంటే ఆ వెలుగును తాను గ్రహించి లవణాన్ని విరిచే పదార్థం, కలిపారు. ఆ పదార్థం యూవీ కింద నీలంగా మెరుస్తుంది, వెలుగు తగులుతున్న కొద్దీ ఖర్చయిపోయి మెరుపు వెలవెలబోతుంది. యూవీని ఆపే కళ్లద్దాలు పెట్టుకుని చెడిన దీపాన్ని చిన్న యూవీ టార్చితో చూస్తే, లోపలి అంచున కూడా ఆ నీలం పూర్తిగా వెలిసిపోయి ఉంది. వెలుగు అక్కడికి చేరింది, సెన్సిటైజర్ ఖర్చయింది, అయినా జిగురు గట్టిపడలేదు. అంటే లోపం వెలుగు పడిన తర్వాతి దశలో ఉంది.

సెన్సిటైజర్ల ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. సల్ఫోనియం లవణాల్లాగే పనిచేసే అయోడోనియం లవణాలకు పసుపులోని కర్క్యుమిన్ మంచి సెన్సిటైజరని క్రివెల్లో బృందమే 2005లో చూపించింది. మన వంటింటి పసుపు వెలుగును గ్రహించి ఎపాక్సీని గట్టిపరచగలదన్నది నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టమైన విషయం.

జిగురు బ్యాచ్ చెడిందన్న అనుమానానికి వెలుపలి అంచే సమాధానం. అదే సీసా, అదే వలయం, అక్కడ రాయిలా ఉంది. తేమ మీద అనుమానం కూడా ఇక్కడే సడలింది. తేమే కారణమైతే షెడ్డు గాలికి ఎదురుగా ఉన్న వెలుపలి అంచు ముందు చెడాలి, మూసుకుపోయిన డొల్ల వైపున్న లోపలి అంచు కాదు. చెడింది లోపల కనుక, కారణమూ డొల్ల లోపలే ఉండాలి. డొల్లలో గాజు, అల్యూమినియం, ఎల్‌ఈడీ బోర్డు కాక ఉన్నది పాటింగ్ ఒక్కటే.

పాటింగ్‌లో హార్డెనర్, అంటే రెజిన్‌ను గట్టిపరిచే రెండో భాగం, అలిఫాటిక్ అమైన్ అనే నైట్రోజన్ ఉన్న పదార్థం. అమైన్ క్షారం. వెలుగు పుట్టించిన ఆమ్లం ఎంత బలమైనదైనా, అమైన్ కనబడితే చాలు దానితో కలిసి లవణంగా మారి నిర్వీర్యమవుతుంది.

పరీక్షలు

పెద్ద ప్రయోగశాల అవసరం లేకుండానే ఈ అనుమానాన్ని తేల్చవచ్చు. ఎర్ర లిట్మస్ కాగితం ముక్కను డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, అప్పుడే పాటింగ్ పోసిన డొల్ల లోపల ద్రవాన్ని తాకకుండా వేలాడదీసి మూతి మీద గాజు పెట్టాము. కాగితం నీలంగా తిరిగింది. ఖాళీ డొల్లలో పెట్టిన కాగితం ఎర్రగానే ఉంది.

లిట్మస్ చెప్పేది ఆవిరిలో క్షారం ఉందని మాత్రమే. అది జిగురును చెడగొట్టేంత ఉందా అన్నది వేరే ప్రశ్న. అందుకని గాజు స్లైడ్ల మీద పల్చగా జిగురు పూసి, ఒకదాన్ని బల్ల మీద వదిలి, ఒకదాన్ని ఖాళీ డొల్ల మీద, మరొకదాన్ని కొత్తగా పాటింగ్ పోసిన డొల్ల మీద జిగురు లోపలికి ఉండేలా బోర్లించాము. యూవీ వెలుగు తగలకుండా ఒక గంట ఉంచాక అన్నిటినీ ఒకే ల్యాంపు కింద ఒకే డోసుతో క్యూర్ చేశాము. మొదటి రెండూ కొద్ది నిమిషాల్లో ఆరిపోయాయి. మూడోది మరునాడు కూడా వేలికి అంటుకుంది. గది ఒకటే, తేమ ఒకటే, జిగురు ఒకటే. తేడా పాటింగ్ మీది గాలి మాత్రమే.

ఎంత అమైన్ చాలు అన్నది లెక్కగడితే ఈ జిగురు ఎంత సుకుమారమో అర్థమవుతుంది. వలయం ఘనపరిమాణం సుమారు 0.18 ఘన సెంటీమీటర్లు, బరువు 0.22 గ్రాములు. అందులో లవణం 1 శాతం అనుకుంటే 2.2 మిల్లీగ్రాములు, అణుభారం దాదాపు 500 కనుక 4.4 మైక్రోమోల్‌లు. లవణం మొత్తం విరిగి ఆమ్లమైపోయినా సరే, ట్రైఇథిలీన్ టెట్రమైన్ వంటి హార్డెనర్ 0.64 మిల్లీగ్రాములు, అణువుకు ఒక్క నైట్రోజనే పనిచేసినా, ఆ ఆమ్లాన్నంతా తినేయగలదు. ఇక్కడ చెడింది వలయంలో నాలుగో వంతు, లవణం మొత్తం ఒక్క నిమిషంలో విరగదు, అణువులో నైట్రోజన్లు నాలుగు. కాబట్టి అసలు కావలసింది అంతకంటే చాలా చాలా తక్కువ. డ్రైవర్ మీద పోసే పాటింగ్ పదుల గ్రాములు.

అయితే పాటింగ్ ఏడాది పొడవునా ఉంది, చెడడం మాత్రం జూన్‌లోనే ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు పాటింగ్ బల్ల దగ్గర పనిచేసే కుర్రాడు ఇచ్చాడు. హార్డెనర్ ఎలా కొలుస్తారని అడిగితే, దాచకుండా చెప్పాడు: "బేగి గట్టిపడతాదని రెండు మూతలు ఎక్కువేస్తన్నాం సార్." డబ్బా మీద 100 భాగాల రెజిన్‌కు 12 భాగాల హార్డెనర్ అని, అదీ బరువు లెక్కన, రాసి ఉంది. ఆర్డర్ల ఒత్తిడి లేని నెలల్లో ఈరోజు పాటింగ్ పోసి రేపు గాజు అంటించేవారు. ఒత్తిడి వచ్చేసరికి ఉదయం పోసి మధ్యాహ్నమే అంటించాలి, అందుకని హార్డెనర్ పెంచారు. ఎపాక్సీ, అమైన్ ఒక నిష్పత్తిలోనే కలుస్తాయి. ఎక్కువైన అమైన్‌కు కలవడానికి ఎపాక్సీ మిగలదు. అది పాటింగ్‌లోనే స్వేచ్ఛగా ఉండి, వేడిలో మెల్లగా ఆవిరై డొల్లలోకి వస్తుంది. పైకి పాటింగ్ గట్టిగానే కనిపిస్తుంది కనుక ఎవరికీ అనుమానం రాలేదు. కొన్ని డొల్లల్లో పాటింగ్ మీద తెల్లటి జిడ్డు పొర కూడా కనిపించింది. తేమ, కార్బన్ డయాక్సైడ్, మిగిలిన అమైన్ కలిస్తే వచ్చే పొర అది. కోస్తాలో ఎపాక్సీ నేలలు వేసేవారికి బాగా పరిచయం.

ఆ కుర్రాడి మీద నేరం లేదు. తొందరగా గట్టిపడాలంటే హార్డెనర్ పెంచడం చేతిపని లోకంలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు, దానివల్ల పక్క బల్ల మీది జిగురు చెడుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

తేమ వాటా

తేమకు ఈ కేసులో బొత్తిగా పాత్ర లేదని అనలేను. అదే స్లైడ్ పరీక్షను ఏసీ గదిలో చేస్తే జిగురు షెడ్డులో కంటే త్వరగా ఆరింది. కానీ నీరు చేసే పని వేరు, అమైన్ చేసే పని వేరు, ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది తప్పుడు మందు వాడతారని నా అనుభవం. పెరుగుతున్న గొలుసు కొనను నీటి అణువు పట్టుకుంటే, ఆ కొన హైడ్రాక్సిల్‌గా ముగిసిపోతుంది గానీ, ప్రోటాన్ విడుదలై మరో గొలుసును మొదలుపెడుతుంది. గొలుసులు పొట్టివవుతాయి, అల్లిక మెత్తబడుతుంది, వేగం తగ్గుతుంది, కానీ ఆమ్లం మిగిలే ఉంటుంది. అమైన్ పట్టుకున్న ప్రోటాన్ తిరిగి రాదు. అందుకే తేమవల్ల మందగించిన అతుకును ఓవెన్‌లో వేడిచేస్తే చాలావరకు గట్టిపడుతుంది. అమైన్ వల్ల చెడినది వేడికీ లొంగలేదు. చెడిన దీపాలను కొన్నిటిని 80 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచి చూశాము, లోపలి అంచు జిగట అలాగే ఉంది. రెండు కారణాల మధ్య తేడా పట్టడానికి ఇంతకంటే సులువైన పరీక్ష నాకు తెలియదు.

మార్పులు

పాటింగ్ బల్ల దగ్గర డిజిటల్ త్రాసు పెట్టించాము, మూతల కొలత ఆగిపోయింది. బరువు లెక్కన కలిపిన పాటింగ్‌ను 80 డిగ్రీల వద్ద 2 గంటలు, మూతి తెరిచి, ఓవెన్ ఫ్యాను నడుస్తుండగా క్యూర్ చేసి, చల్లారాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచిన తర్వాతే గాజు బల్లకు పంపుతున్నారు. ఆ డొల్లల మీద బోర్లించిన స్లైడ్లు మామూలుగానే ఆరాయి, లిట్మస్ ఎర్రగానే ఉంది. గాజు తుడవడానికి వాడే అమ్మోనియా కలిసిన క్లీనరును కూడా మాన్పించాను. అమ్మోనియా కూడా క్షారమే. జిగురు పని చిన్న ఏసీ గదిలోకి మారింది. డొల్లలను ముందుగా 45 డిగ్రీలకు వేడిచేయడంతో వాటి ఉపరితలానికి పట్టిన తేమ పోతుంది, క్యూరింగూ వేగం అందుకుంటుంది.

క్యూరింగ్ పూర్తి కావడానికి తర్వాత ఓవెన్‌లో పెడదామని యజమాని ముచ్చటపడ్డారు. జిగురు డేటాషీట్ 80 డిగ్రీలు సూచిస్తోంది కూడా. నేను వద్దన్నాను. గాజు వ్యాకోచం డిగ్రీకి 10 లక్షల్లో 9 వంతులైతే అల్యూమినియానిది 23 వంతులు. 100 మిల్లీమీటర్ల వ్యాసం మీద 50 డిగ్రీల తేడాకు ఈ రెండింటి మధ్య 0.07 మిల్లీమీటర్ల ఎడం వస్తుంది, అంటే ఒక్కో అంచున 0.035. జిగురు మందమే 0.15. వేడిలోనే గట్టిపడిన అతుకు చల్లారేటప్పుడు తన మందంలో దాదాపు నాలుగో వంతు పక్కకు జారవలసి ఉంటుంది. సైక్లోఅలిఫాటిక్ ఎపాక్సీ అంత సాగే పదార్థం కాదు. కాబట్టి వెలుగు తర్వాత అర రోజు గది ఉష్ణోగ్రతలో వదిలేసి, చీకటి క్యూరింగ్‌తో ఆ ఉష్ణోగ్రత దగ్గరే అతుకును స్థిరపడనిచ్చి, ఆ పైన 60 డిగ్రీలకు మించకుండా 2 గంటలు ఉంచుతున్నారు. ముందు వేడిచేసిన డొల్లకు గాజు అంటించేటప్పుడు ఇదే లెక్క వర్తిస్తుంది, కాకపోతే అక్కడ తేడా 15 డిగ్రీలే కనుక ఒప్పుకున్నాను.

చెడిన దీపాలను విప్పి, లోపలి జిగటను ద్రావణితో తుడిచి మళ్లీ జిగురు పెడితే సరిపోతుందని కొందరు అన్నారు. పాటింగ్‌లో మిగులు అమైన్ ఉన్నంతకాలం కొత్త జిగురూ అలాగే చెడుతుంది. వాటిని ముందు ఓవెన్‌లో ఆవిరి పోయేదాకా ఉంచి, స్లైడ్ పరీక్షలో నెగ్గినవాటికే గాజు మళ్లీ అంటించారు.

మిగిలిపోయిన జిగురును ప్లాస్టిక్ కప్పులో ఎండలో పెట్టి గట్టిపరిచి పారేసే అలవాటు అక్కడ కనిపించింది, దాన్ని ఆ రోజే ఆపించాను. ఎపాక్సీ వలయం విచ్చుకున్నప్పుడు వేడి పుడుతుంది. 0.15 మిల్లీమీటరు పొరలో ఆ వేడి లోహంలోకి ఇంకిపోతుంది గానీ కప్పు నిండా ఉన్న జిగురులో పోయే దారి లేక పేరుకుంటుంది, వేడి పెరిగిన కొద్దీ చర్య ఇంకా వేగమవుతుంది, చివరికి కప్పు కరిగి పొగ వస్తుంది. 2020 మే 7న ఇదే విశాఖలోని వెంకటాపురంలో, ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో విషపు ఆవిరి వెలువడిన ప్రమాదంలో ఉన్నది వేరే రసాయనం, వేరే పరిమాణం. కానీ ట్యాంకులోని స్టైరీన్ తనంతట తాను పాలిమరీకరణ చెంది, ఆ వేడి అదుపు తప్పడమే అక్కడి ఆవిరికి కారణం. ఈ ఊళ్లో పాలిమరీకరణ వేడిని తేలిగ్గా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. ఇప్పుడు మిగిలిన జిగురును పాత రేకు మీద పల్చగా పులిమి ల్యాంపు కింద పెడుతున్నారు. క్యూర్ కాని ఎపాక్సీ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు కనుక చేతి తొడుగులు తప్పనిసరి చేశారు. తొడుగులు నైట్రైల్‌వే అయినా వేలికొనలను అతుకు అంచుకు తాకించవద్దని చెప్పాను. రబ్బరులో కలిపే గంధకపు యాక్సిలరేటర్లు కూడా ఈ ఆమ్లానికి అడ్డు తగలగలవు.

మార్పుల తర్వాత తయారైన దీపాలు నీటి తొట్టి పరీక్షలో నిలుస్తున్నాయి. అయితే అదొక్కటే చాలదు. గాజుకూ జిగురుకూ మధ్యలోకి ఉప్పునీరు నెమ్మదిగా పాకే గుణం ఉంది, అది కొద్ది రోజుల్లో బయటపడేది కాదు. అందుకని కొన్ని దీపాలను సముద్రపు నీటిలో వేడిగా నానబెట్టి ఉంచాము, వేటకు వెళ్లిన పడవల మీది దీపాలను వచ్చే నిషేధ కాలంలో విప్పి చూస్తాము. ఈలోగా చిన్న సైజు దీపంలో అమైన్ పాటింగ్ బదులు ప్లాటినం ఉత్ప్రేరకంతో క్యూర్ అయ్యే సిలికోన్ వాడి చూస్తున్నారు. దానిలో క్షారపు ఆవిరి సమస్య లేదు, కానీ అమైన్ తగిలితే ఆ ప్లాటినమే పనిచేయడం మానేస్తుంది. కాబట్టి సిలికోన్‌కు వేరే త్రాసు, వేరే కప్పులు, వేరే కలిపే పుల్లలు కేటాయించి, ఆ బల్లను అమైన్ బల్లకు దూరంగా గోడకు అవతలి వైపు వేయించారు.